యంత్రం ఇచ్చే సాక్ష్యం

కర్నూలు జిల్లాలో పత్తికొండకూ గుత్తికీ నడుమ ఎర్రగుడి అనే గ్రామం ఉన్నది. ఆ ఊరి దాపున ఉన్న గుండ్ల మీద అశోక చక్రవర్తి శాసనాలు చెక్కి ఉన్నాయి. 1929 ప్రాంతంలో అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించి లోకానికి తెలియజేశాడు. అక్కడి లఘు శిలాశాసనాన్ని చదవబోయిన పండితులకు ఒక చిత్రమైన చిక్కు ఎదురైంది. కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి నడుస్తున్నాయి. కొన్ని కుడి నుండి ఎడమకు నడుస్తున్నాయి. మడక కట్టిన ఎద్దులు ఒక చాలు ఇటు, ఒక చాలు అటు వేసినట్లు శాసనం వ్రాసినవాడు అక్షరాలను తిప్పి తిప్పి వ్రాశాడు.

ఆ రాయి అబద్ధం చెప్పలేదు. దాని మీది అక్షరాలూ చెరిగిపోలేదు. అయినా ఏ పంక్తిని ఎటు నుండి చదవాలో తెలియనివానికి అది అర్థం లేని అక్షరాల గుంపు మాత్రమే. సాక్ష్యం నిజమైనది కావడం ఒక ఎత్తు, దాన్ని చదవడం తెలియడం మరొక ఎత్తు.

నేడు న్యాయస్థానాల ముందుకు మరొక రకం శాసనాలు వస్తున్నాయి. జేబులోని ఫోను, బల్ల మీది కంప్యూటరు, వీధి మొగలో వ్రేలాడే కెమెరా, బ్యాంకు వారి యంత్రం ఇవన్నీ మనిషి కదలికలను సున్నలు, ఒకట్లుగా వ్రాసి పెట్టుకుంటున్నాయి. ఈ వ్రాతలను చెడకుండా వెలికితీసి, పరీక్షించి, న్యాయమూర్తికి బోధపడేటట్లు విన్నవించే శాస్త్రానికి డిజిటల్ ఫోరెన్సిక్స్ అని పేరు. దీని పరికరాలు కొత్తవి. కాని ఇది అడిగే ప్రశ్నలు పాతవే. ఈ వ్రాత మారకుండా ఉన్నదా? దీన్ని ఎలా చదవాలి? దీనికి పూచీ ఎవరు?

బ్రౌను దొర పనీ, సంఖ్యాముద్రా

మొదటి ప్రశ్నకు కడపలోనే ఒక పాత ఉదాహరణ దొరుకుతుంది. 1820లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగిగా కడపకు వచ్చిన సి.పి. బ్రౌన్ తెలుగు గ్రంథాలను సేకరించడానికి పూనుకున్నాడు. తాటాకు ప్రతులు ఎన్నో దొరికాయి గాని, ఒక ప్రతికీ మరొక ప్రతికీ పొంతన ఉండేది కాదు. వ్రాయసగాడు ఒకచోట అక్షరం జారవిడిచేవాడు. మరొకచోట తనకు తోచిన మాట చేర్చేవాడు. అందువల్ల బ్రౌన్ తన బంగళాలో పండితులను జీతాలకు పెట్టుకొని, ఒకే గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి, వాటిని పోల్చి చూపించేవాడు. ఆయన బంగళా ఉన్న స్థలంలోనే నేడు కడపలో ఆయన పేరిట గ్రంథాలయం వెలసి ఉన్నది.

పండితులు నెలల తరబడి చేసిన ఆ పనిని నేడు యంత్రం గణితం సాయంతో క్షణాలలో చేస్తుంది. ఈ గణితానికి హ్యాష్ అని పేరు. దీన్ని మనం సంఖ్యాముద్ర అనుకోవచ్చు. ఒక కంప్యూటరు డిస్కులోని సమాచారాన్నంతా ఒక నిర్ణీత గణిత ప్రక్రియకు లోను చేస్తే చివరకు ఒక చిన్న గుర్తుల వరుస వస్తుంది. నేడు విరివిగా వాడే ఎస్.హెచ్.ఏ.-256 అనే పద్ధతిలో ఈ వరుస పొడవు 64 గుర్తులు. లోపల ఉన్నది ఒక్క ఉత్తరమైనా, ఒక గ్రంథాలయమంత సమాచారమైనా వచ్చేవి 64 గుర్తులే. అయితే ఆ గ్రంథాలయంలో ఎక్కడో ఒక్క కామా తీసివేసి మళ్లీ లెక్క కట్టితే వరుస యావత్తూ మారిపోతుంది. ప్రతినీ మూలాన్నీ పోల్చడానికి రెండింటి సంఖ్యాముద్రలు సరిచూస్తే చాలు.

ఈ ముద్రలకూ చరిత్ర ఉన్నది. అమెరికా శాస్త్రజ్ఞుడు రొనాల్డ్ రివెస్ట్ 1991లో ఎం.డి.5 అనే పద్ధతిని రూపొందించాడు. 2004లో చైనాకు చెందిన గణితవేత్త వాంగ్ షియావోయున్, ఆమె సహచరులు వేర్వేరు సమాచారాలకు ఒకే ఎం.డి.5 ముద్ర వచ్చేటట్లు చేయవచ్చునని చూపించారు. 2017లో ఎస్.హెచ్.ఏ.-1 అనే మరొక పద్ధతికీ ఇదే గతి పట్టింది. తాళం పాతబడితే దొంగకు తాళపుచెవి దొరికినట్లే. అందువల్ల ఏ ముద్ర వేశారో చెప్పడం కూడా సాక్ష్యంలో భాగమే.

చూస్తేనే చెరిగే వ్రాత

రాతిశాసనాన్ని వేయిమంది చూసినా దానికి వచ్చే లోటు లేదు. కంప్యూటరు అలా కాదు. దాన్ని కేవలం తెరిచి చూసినా లోపల అనేక ఫైళ్ల తేదీలు, గుర్తులు మారిపోతాయి. ఉత్సాహం కొద్దీ దొరికిన యంత్రాన్ని అక్కడికక్కడే మీట నొక్కి చూసే అధికారి తనకు తెలియకుండానే సాక్ష్యాన్ని చెరుపుతున్నాడన్నమాట.

కాబట్టి పరీక్షకులు మూల యంత్రాన్ని ముట్టుకోరు. ముందుగా డిస్కుకూ తమ యంత్రానికీ మధ్య వ్రాతనిరోధకం అనదగిన ఒక పరికరాన్ని అమరుస్తారు. అది చదవడానికి దారి ఇస్తుంది, వ్రాయడానికి ఇవ్వదు. దాని ద్వారా డిస్కులోని ప్రతి సున్ననూ ప్రతి ఒకటినీ యథాతథంగా మరొక డిస్కులోకి దించుకుంటారు. మూలానికీ ప్రతికీ సంఖ్యాముద్రలు సరిపోయినవని నిర్ధారించుకొని, మూలాన్ని సీలు వేసి భద్రపరుస్తారు. ఆపైన పరీక్ష యావత్తూ ప్రతి మీదనే జరుగుతుంది. సెల్‌ఫోను దొరికితే దాన్ని తరంగాలు చొరని లోహపు పొర గల సంచిలో పెడతారు. లేకపోతే దూరాన కూర్చున్నవాడు ఒక ఆజ్ఞ పంపి అందులోని సమాచారాన్ని తుడిచివేయవచ్చు.

చెరిపివేసిన ఫైళ్లు మళ్లీ ఎలా దొరుకుతాయని చాలామంది ఆశ్చర్యపడతారు. అడంగలులో పేరు కొట్టివేసినంత మాత్రాన పొలం మాయం కాదు కదా! పాత రకపు డిస్కులలో ఫైలును చెరపడమంటే పట్టికలోని పేరు కొట్టివేయడమే. ఆ స్థలంలో మరొకటి వ్రాసేదాకా పాత వ్రాత అక్కడే ఉంటుంది. పరీక్షకుడు పట్టికను నమ్మక పొలాలన్నీ స్వయంగా నడిచి చూసే కరణం వంటివాడు. అయితే కొత్త రకపు డిస్కులు ఖాళీ అయిన చోటును తమంతట తామే శుభ్రం చేసుకుంటాయి. కనుక ఆలస్యమైనకొద్దీ దొరికే ఆశ తగ్గిపోతుంది.

డెబ్బది అయిదు సెంట్ల తేడా

ఈ శాస్త్రం పుట్టి ఎంతో కాలం కాలేదు. 1984లో అమెరికాలోని ఎఫ్.బి.ఐ. కంప్యూటరు సాక్ష్యాలను పరీక్షించే పని ఆరంభించింది. 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ పరిశోధనాలయంలో కంప్యూటరు వాడకపు లెక్కలలో 75 సెంట్ల తేడా వచ్చింది. క్లిఫర్డ్ స్టాల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఆ చిల్లర తేడాను వదలక వెంటాడి, ఎవరో బయటివాడు యంత్రంలో చొరబడుతున్నాడని కనుగొన్నాడు. దొంగ కంప్యూటరులోని గుర్తులను చెరిపివేయగలడు గాని కాగితం మీది అచ్చును చెరపలేడు. అందువల్ల స్టాల్ ఆ దొంగ నొక్కిన ప్రతి మీటా కాగితాల మీద అచ్చయ్యే ఏర్పాటు చేశాడు. చివరకు ఆ జాడ జర్మనీలోని ఒక ఇంటికి తీసుకుపోయింది.

1998 నుండి ఎన్‌కేస్ వంటి ప్రత్యేక పరీక్షా సాధనాలు అమ్మకానికి వచ్చాయి. తరువాత అందరూ ఉచితంగా వాడుకొనదగిన ఆటాప్సీ వంటివి వచ్చాయి. మన దేశంలో తిరువనంతపురంలోని సి-డాక్ సంస్థ సైబర్‌చెక్ అనే సాధనాన్ని తయారు చేసింది.

తెలుగునాట మొదటి మెట్లు

1849లో మద్రాసులో రసాయన పరీక్షకుని ప్రయోగశాల ఏర్పడింది. కడప, కర్నూలు జిల్లాలు అప్పుడు ఆ రాజధానిలోనివే. విషప్రయోగం కేసులలో సీసాకెత్తిన అవయవాలు శాస్త్రజ్ఞుని పరీక్షకు వెళ్లడం ఆ కాలం నాటి కొత్త మార్పు. 1897లో కలకత్తాలో వేలిముద్రల కార్యాలయం ఏర్పడింది. యంత్రం సాక్షిగా నిలవడానికి మాత్రం మరొక శతాబ్దం పట్టింది. 2000 అక్టోబరు 17న సమాచార సాంకేతిక చట్టం అమలులోకి వచ్చి, 1872 నాటి సాక్ష్య చట్టంలో 65-బి అనే సెక్షన్ చేరింది.

2005 జూలైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ముందు ఒక చిత్రమైన ప్రశ్న నిలిచింది. ఒక టెలిఫోను సంస్థ తన చందాదారులకు ఇచ్చిన ఫోన్లలోని గుర్తింపు సంఖ్యను మార్చి, వాటిని మరొక సంస్థకు అనుకూలం చేశారని ఆరోపణ. ఇది కంప్యూటరు సంకేతాలను తారుమారు చేయడం అవుతుందా? చేతిలో ఇమిడే ఫోను కంప్యూటరేనా? చట్టంలోని నిర్వచనం ప్రకారం ఫోను కూడా కంప్యూటరేనని న్యాయస్థానం తేల్చింది. నేడు ఇది సామాన్యంగా కనిపించవచ్చు. కాని ఫోను నుండి వచ్చే సాక్ష్యానికి ఆ నిర్ణయం బాట వేసింది.

2009 జనవరి 7న హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ అధిపతి లెక్కలలో మోసం జరిగిందని ఒప్పుకుంటూ ఉత్తరం వ్రాశాడు. దర్యాప్తులో ఆ సంస్థ బిల్లుల యంత్రాంగంలోనే కీలకం దొరికింది. కొన్ని బిల్లులకు కనిపించకుండా దాచే గుర్తు తగిలించారు. మామూలు ఉద్యోగి చూస్తే అవి ఉండవు. పెద్ద అధికారం గల ప్రవేశపదంతో చూస్తే ఉంటాయి. అలాంటి దొంగ బిల్లులు 7,561 బయటపడ్డాయి. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం 10 మందికి శిక్ష విధించింది. వారు ఆ తీర్పు మీద పై కోర్టుకు అప్పీలు చేసుకున్నారు. దాచడానికి పెట్టిన గుర్తే దాచిన సంగతిని చాటి చెప్పడం ఇందులోని విశేషం.

2009 సెప్టెంబరు 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుండి చిత్తూరు జిల్లాకు ప్రయాణిస్తున్న హెలికాప్టరు నాటి కర్నూలు జిల్లాలోని నల్లమల అడవిలో కూలింది. అందులోని అయిదుగురిలో ఒక్కరూ మిగలలేదు. చూసినవారు లేరు. చివరి నిమిషాలలో పైలట్లు ఏమి మాట్లాడుకున్నారో చెప్పినది శిథిలాలలో దొరికిన శబ్దగ్రాహక యంత్రమే. ఒక హెచ్చరికకు పరిష్కారం వెదుకుతూ కొన్ని నిమిషాలు వారి దృష్టి చేతిపుస్తకం మీద నిలిచిందని విచారణ సంఘం దాని నుండే తెలుసుకున్నది. మనుషులెవరూ మిగలనప్పుడు యంత్రం ఒక్కటే సాక్షి కావచ్చునని రాయలసీమ ఆనాడు చూసింది.

అయిదున్నర గంటల పాఠం

ఇక రెండవ ప్రశ్న: ఎలా చదవాలి? దీనికి కడప జిల్లాలోనే ఒక గంభీరమైన పాఠం ఉన్నది. 2019 మార్చి 15న పులివెందులలోని తమ ఇంటిలో మాజీ మంత్రి వై.ఎస్. వివేకానందరెడ్డి హతుడై కనిపించారు. 2020 మార్చిలో హైకోర్టు దర్యాప్తును సి.బి.ఐ.కి అప్పగించింది. 2022 నవంబరులో సుప్రీంకోర్టు విచారణను కడప నుండి హైదరాబాదుకు మార్చింది. ఈ కేసులో ఫోన్లు ఎప్పుడు ఎక్కడ ఉన్నవో తెలిపే గూగుల్ సంస్థ వారి సమాచారం సాక్ష్యంగా ముందుకు వచ్చింది. అంతట ఒక ప్రశ్న బయలుదేరింది. ఆ పట్టికలోని కాలాలు భారత కాలమా, గ్రీనిచ్ కాలమా?

కంప్యూటర్లలో చాలా భాగం కాలాన్ని గంటలుగా గాక ఒక పెద్ద సంఖ్యగా దాచుకుంటాయి. 1970 జనవరి 1న గ్రీనిచ్‌లో అర్ధరాత్రి మొదలుకొని ఎన్ని సెకన్లు గడిచినవో ఆ సంఖ్య చెబుతుంది. దాన్ని మన గడియారానికి మార్చాలంటే అయిదున్నర గంటలు, అనగా 19,800 సెకన్లు కలపాలి. కలపడం మరచితే ఉదయం 8 గంటలు కాస్తా రాత్రి 2.30 అవుతుంది. ఏ కేసులోనైనా సరే, రాత్రి 2.30కి ఒక ఇంటి దగ్గర ఉన్నవానిని లోకం ఒక విధంగా చూస్తుంది; చావు కబురు విని ఉదయం 8 గంటలకు వచ్చినవానిని మరొక విధంగా చూస్తుంది. యంత్రం చెప్పిన సంఖ్య ఒక్కటే. దాన్ని చదివిన తీరును బట్టి ఒక మనిషి బ్రతుకు తారుమారు కావచ్చు. ఆ కేసులో నిజానిజాలు తేల్చవలసినది న్యాయస్థానం. శాస్త్రం నేర్పే పాఠం మాత్రం అందరిదీ.

కాలం విషయంలో ఈ చిక్కు మన ప్రాంతానికి కొత్త కాదు. 1906కు ముందు దేశంలోని రైళ్లు మద్రాసు కాలాన్ని పాటించేవి. అది గ్రీనిచ్‌కు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906 జనవరి 1 నుండి కాకినాడకు దగ్గరగా పోయే 82½ డిగ్రీల రేఖను ఆధారం చేసుకొని భారత ప్రామాణిక కాలం ఏర్పడింది. కడప ఆ రేఖకు పడమట ఉన్నది కనుక అక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం సుమారు పావుగంట ఆలస్యం. గడియారం చూపేది సత్యమే అయినా అది ఎవరి గడియారమో తెలియాలి.

స్థలానికీ ఇదే నియమం వర్తిస్తుంది. ఫోను ఉన్న చోటును యంత్రం ఒక్కొక్కసారి ఉపగ్రహాల సాయంతోనూ, ఒక్కొక్కసారి దగ్గరలోని సెల్ టవరును బట్టీ అంచనా కడుతుంది. టవర్లు దూరదూరంగా ఉండే పల్లెలలో ఆ అంచనా కొన్ని కిలోమీటర్లు తప్పవచ్చు. పటం మీద చుక్క పెట్టినంత మాత్రాన మనిషి ఆ చుక్క మీదనే నిలబడి ఉన్నాడనడానికి వీలులేదు.

పూచీ ఎవరు?

మూడవ ప్రశ్న చట్టానిది. 65-బి సెక్షన్ ప్రకారం యంత్రం నుండి తీసిన ప్రతిని చూపినప్పుడు, ఆ యంత్రం సరిగా పనిచేస్తున్నదనీ, ప్రతి ఎలా తీశారనీ బాధ్యుడైన వ్యక్తి ధ్రువపత్రం ఇవ్వాలి. పార్లమెంటు మీద దాడి కేసులో 2005లో సుప్రీంకోర్టు ఈ పత్రం లేకున్నా సాక్ష్యాన్ని అనుమతించింది. 2014లో అన్వర్ కేసులో ఆ అభిప్రాయాన్ని త్రోసిపుచ్చి, పత్రం తప్పనిసరి అన్నది. 2020లో అర్జున్ పండిత్‌రావ్ కేసులో ఆ నియమాన్నే మళ్లీ స్థిరపరచింది.

ఇంత పట్టుదల దేనికి అనేవారు ఇంగ్లండు అనుభవం గమనించాలి. 65-బి సెక్షన్‌కు నమూనా ఇంగ్లండు వారి 1968 నాటి చట్టంలోనిదే. క్రిమినల్ కేసులలో కూడా యంత్రం సరిగా పనిచేసినట్లు రుజువు చూపాలన్న నియమం అక్కడ ఉండేది. దాన్ని 1999లో చేసిన చట్టం ద్వారా తీసివేసి, యంత్రం సరిగానే పనిచేసి ఉంటుందని భావించడం మొదలుపెట్టారు. అదే కాలంలో అక్కడి పోస్టాఫీసులలో హొరైజన్ అనే కంప్యూటరు లెక్కల పద్ధతి ప్రవేశించింది. యంత్రం లెక్కలలో డబ్బు తక్కువ చూపింది. తప్పు యంత్రానిదైనా నేరం పోస్టుమాస్టర్ల మీద పడింది. 900 మందికి పైగా దోషులుగా తేలారు. కొందరు జైలుకు వెళ్లారు. కొందరు ఇల్లూ వాకిలీ పోగొట్టుకున్నారు. 2024 మే నెలలో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి ఆ శిక్షలను రద్దు చేయవలసి వచ్చింది. యంత్రాన్ని ప్రశ్నించకపోతే సంభవించే అనర్థానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు.

మన దేశంలో 2024 జూలై 1 నుండి 1872 నాటి చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చింది. దాని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రానికి రెండు భాగాలు ఉంటాయి. ఒకటి సాక్ష్యం చూపేవారిది, రెండవది నిపుణునిది. రెండింటిలోనూ సంఖ్యాముద్రను పేర్కొనాలి. బ్రౌన్ పండితుల పనికి ఈ విధంగా చట్టంలో చోటు దొరికింది. అయితే ఆ పత్రంలో ఇచ్చిన ముద్రల పేర్లలో బలహీనమని తేలిన ఎం.డి.5, ఎస్.హెచ్.ఏ.-1 కూడా ఉన్నాయి. శాస్త్రం తెలిసిన పరీక్షకుడు ఎస్.హెచ్.ఏ.-256ను ఎంచుకోవడం మేలు. సోదాలను వీడియోలో చిత్రించాలనీ, ఏడేండ్లు లేక అంతకు మించిన శిక్ష పడదగిన నేరాలలో నిపుణులు నేరస్థలానికి వెళ్లాలనీ అప్పుడే కొత్త నియమాలు వచ్చాయి.

సంఖ్యాముద్ర చేయలేని పని ఒకటి ఉన్నది. ముద్ర వేసిన తరువాత మార్పు జరగలేదని మాత్రమే అది చెబుతుంది; వేయకముందు ఏమి జరిగిందో చెప్పలేదు. ఫోనును వశపరచుకొని పది రోజులు బల్ల మీద పడవేసి, ఆపైన ముద్ర వేస్తే ఆ పది రోజులకు పూచీ లేదు. పంచనామా సమయంలోనే, సాక్షుల ఎదుటనే ముద్ర వేయడం అందుకే అవసరం. ఇది నేరస్థుని పట్టుకోవడానికి ఎంత అవసరమో, నిరపరాధి మీద నేరం పడకుండా కాపాడడానికీ అంతే అవసరం.

ముందున్న చిక్కులు

ఈ శాస్త్రం ముందు కొత్త సమస్యలు నిలిచి ఉన్నాయి. కొత్త ఫోన్లలో సమాచారం రహస్య లిపిలో ఉంటుంది. యజమాని సంకేతపదం చెప్పనిదే తెరవడం కష్టం. పౌరుని ఆంతరంగిక జీవనం ప్రాథమిక హక్కు అని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది గనుక తెరవగలిగినంత మాత్రాన అంతా చూడవచ్చుననీ అనలేము. సమాచారం చాలాసార్లు నేరం జరిగిన ఊరిలో గాక ఏ దూరదేశంలోని యంత్రంలోనో ఉంటుంది. కృత్రిమ మేధ అనని మాటను అన్నట్లు, లేని మనిషిని ఉన్నట్లు చూపగల దృశ్యాలను తయారు చేస్తున్నది. వాటిని పసిగట్టే సాధనాలు వస్తున్నాయి గాని వాటి తీర్పు కూడా పొరపడవచ్చు. ఆ సాధనం ఇలా చెప్పింది అన్నది చాలదు. ఎందుకు చెప్పింది అన్నదానికి పరీక్షకుడు బోనులో నిలబడి సమాధానం చెప్పగలగాలి.

కాబట్టి ఖరీదైన యంత్రాలు కొన్నంత మాత్రాన ఈ శాస్త్రం వృద్ధి చెందదు. వాటిని అనుమానించడం నేర్చిన మనుషులు కావాలి. గణితం, భౌతికశాస్త్రం, న్యాయశాస్త్రం కొంచెం కొంచెం తెలిసి, తన లెక్కలో తప్పు దొరికితే ఒప్పుకొనే నిజాయితీ గల యువకులు, యువతులు మన కర్నూలు, కడప కళాశాలల నుండి ఈ పనికి రావలసి ఉన్నది. ఎర్రగుడి గుండు వద్ద పంక్తి ఎటు నడుస్తున్నదో ముందుగా చూసుకున్న పండితుని జాగ్రత్తే వారికీ కావాలి. అక్కడ తప్పు చదివితే చరిత్రలో ఒక మాట తారుమారవుతుంది. ఇక్కడ తప్పు చదివితే ఒక మనిషి జైలుకు పోతాడు.